మెల్లగా తోలే ఆదాం

వెనక సీటు మీద ఎండిన వాంతిని ఆదాం కొబ్బరిచిప్పతో గీకుతున్నాడు. ముందురోజు పర్చూరు పెళ్ళి నుంచి తిరిగొస్తూ మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకడు చేసిన ఘనకార్యం అది. బిర్యానీ మెతుకులు రెక్సిన్ కుట్ల మధ్యకు దూరి, తెల్లారేసరికి అతుక్కుపోయాయి. చిప్పతో గీకి, చీపురుపుల్లతో కుట్లలోంచి లాగి, ఫినాయిలు నీళ్ళతో కడిగినా వాసన పోదు. ఫినాయిలూ వాంతీ కలిసి మూడో వాసన ఒకటి పుడుతుంది. తన బతుకు వాసన అదేనని ఆదాంకి అనిపిస్తుంది. ఎంత సబ్బు రుద్దుకున్నా, అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి అది వేళ్ళ సందుల్లోంచి పలకరిస్తుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. తొక్కేవాడు ఒకడూ కడిగేవాడు ఇంకొకడూ అయినప్పుడు ఆ సామెత ఎవరికి చెప్పాలో పెద్దలు చెప్పిపోలేదు. ఆ పెద్దమనిషి దిగేటప్పుడు జేబురుమాలుతో మూతి తుడుచుకుని, "నీ బండి కుదుపులకే కడుపులో తిప్పిందయ్యా" అని కూడా అన్నాడు. ఆదాం నవ్వి ఊరుకున్నాడు. అలా నవ్వినందుకు ఇప్పుడు తన మీద తనకే రోతగా ఉంది.

బండి తెల్ల అంబాసిడర్. తెల్లది అనడం ఒట్టి మర్యాద. మిల్లుల దుమ్ము పట్టి, కళ్ళాల ఎర్రధూళి పట్టి, అది గోధుమరంగుకి తిరిగి ఏళ్ళయింది. డీజిలు ఇంజను. కింద రేకు తుప్పు తిని, వెనక సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట అరచెయ్యంత కన్నం పడింది. దాని మీద గోనెపట్టా, పట్టా మీద రబ్బరు చాప పరిచాడు ఆదాం. తలుపుల అద్దాలు ఎత్తీ దించే పిడులు ఒకటొకటే ఊడిపోయి, చివరికి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ ఆదాం చొక్కా జేబులో ఉంటుంది. ఎవరికైనా గాలి కావాలన్నా, చలేసినా జేబులోంచి తీసిస్తాడు. వాళ్ళు తిప్పుకుని తిరిగి ఇచ్చేస్తారు.

మనిషి నలభై దాటినవాడు. కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించి ఆనించి ఎడమచేతికంటే నల్లబడింది. నడుము కొంచెం ముందుకి వంగి, నేల మీద నడుస్తున్నప్పుడు కూడా స్టీరింగు ముందు కూర్చున్నట్టే కనిపిస్తాడు. చిలకలూరిపేట కార్ల స్టాండులో అతనికి పేరు లేకపోలేదు. "మెల్లగా తోలే ఆదాం" అంటారు. ముసలివాళ్ళూ, కడుపుతో ఉన్న ఆడపిల్లలూ, ఆపరేషన్ కుట్లు పచ్చిగా ఉన్నవాళ్ళూ, శవాలూ ఆదాం బండే ఎక్కుతారు. ఇది పొగడ్త అని ఊళ్ళో అందరి నమ్మకం. ఆదాంకి మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎద్దుని కొనేవాడు మూపురం తడిమి "సాధువే" అన్నట్టుంటుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆదాం మెల్లగా తోలడు. బండే మెల్లగా పోతుంది. పెడలు నేలకి ఆనేదాకా తొక్కినా, ఆ ఇంజను కాసేపు ఆలోచించుకుని, ఒకసారి దగ్గి, అప్పుడు బయల్దేరుతుంది.

పాతరోడ్డు ఉన్నన్నాళ్ళూ ఇది పెద్ద లోపంగా కనబడలేదు. గుంతల్లో ఎవరి బండైనా ఒకటే. కొత్తగా నాలుగు వరసల రోడ్డు పడుతూ, ఎక్కడికక్కడ పూర్తయిన ముక్కలు తెరుస్తున్నారు. నల్లగా, నున్నగా, సిగ్గులేకుండా సాగిపోయే రోడ్డు. దాని మీద పత్తి లారీలు కూడా ఆదాంని దాటిపోతున్నాయి. దాటుతూ హారను కొట్టి మరీ పోతున్నాయి. మిరపబస్తాల ట్రాక్టరు ఒకటి దాటిన రోజున ఆదాం అన్నం తినలేదు.

సీటు కడగడం అయ్యాక బండి స్టాండులో పెట్టాడు. వరసలో మొదటిది అతనిదే. ఇంతలో పత్తి కొనే వ్యాపారి ఒకడు చంకలో సంచీతో, చెమటలు కక్కుతూ వచ్చాడు. గుంటూరులో రైలందుకోవాలట. ఆదాం తలుపు తెరిచి పట్టుకున్నాడు. వ్యాపారి బండి వంకా, తర్వాత ఆదాం వంకా చూసి, "నీ వరసే అనుకో. కాకపోతే నాకు రైలు తప్పిపోద్ది" అని వెనకనున్న బాలు కారు ఎక్కాడు.

బాలుది కొత్త కారు. కుర్రాడు మంచివాడే, నోరే కుదురుగా ఉండదు. అద్దం దించి, "ఏం పర్లేదు ఆదాం బాబాయ్! నువ్వు కూడా ఇప్పుడే బయల్దేరు, రేపటి రైలందుద్ది" అన్నాడు.

స్టాండంతా నవ్వింది. కిళ్ళీ నముల్తున్న డ్రైవరొకడు నవ్వలేక ఉమ్మేసి, మళ్ళీ నవ్వాడు. ఆ ఎర్రటి ఉమ్మి ఆదాం బండి పక్కరేకు మీద పడింది. ఆదాం అందరితోపాటు నవ్వబోయి, పొద్దున్న తన మీద తనకి పుట్టిన రోత గుర్తొచ్చి మానేశాడు. తెరిచిన తలుపు వేసేసి, బండి స్టార్టు చేసి, తిన్నగా మాబు సాహెబ్ షెడ్డుకి పోయాడు.

మాబు సాహెబ్ లారీల కింద పడుకునీ పడుకునీ ముసలివాడైన మేస్త్రి. గడ్డం తెల్లది, దాని చివర గ్రీజు నల్లది. ఆయన షెడ్డులో నేల కూడా నడిస్తే చెప్పుని పట్టుకుని వదలదు. కొత్తరోడ్డు పుణ్యమా అని ఈమధ్య ఆయనకి ఒక కొత్త పని వచ్చింది. ఊళ్ళో కారున్న ప్రతివాడికీ పికప్ పిచ్చి పట్టింది, తొక్కీ తొక్కగానే బండి దూకాలి. పొద్దున్న మిల్లుకి పోయి సాయంత్రం ఇంటికొచ్చే షావుకారుకీ పికప్ కావాలి. వారానికోసారి కోటప్పకొండకి పోయేవాడికీ పికప్ కావాలి.

"ఏం రోగమొచ్చిందిరా నీ బండికి?" అన్నాడు మాబు సాహెబ్.

"రోగం కాదు మేస్త్రీ. పికప్ చెయ్యాలి."

మాబు సాహెబ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అతన్ని చూశాడు. "నీక్కూడానా? ఎక్కడికి పోతావు దాంతో? గుంటూరు ఆస్పత్రికి. అక్కణ్ణుంచి మళ్ళీ పేటకి. రోజూ తిరిగే బండికి ఈ సోకులెందుకురా? గానుగెద్దుకి గజ్జెలు కట్టినా గానుగ చుట్టే తిరగాల."

"అందరికీ చేస్తున్నావుగా?"

"చేస్తన్నా. మూతి కాల్చుకుంటానని వచ్చినోడికి నిప్పు నేనివ్వకపోతే పక్క షెడ్డోడు ఇస్తాడు. పంపు స్క్రూ తిప్పితే డీజిలు ఎక్కువ పోద్ది, బండి లాగుద్ది. ఇంజను ఆయుష్షు తగ్గుద్ది, పొగ పెరుగుద్ది. పొగ ఎనకొచ్చేవాళ్ళకి గదా, మనకేంటంటారు అందరూ."

"మనకేంటి," అన్నాడు ఆదాం.

మాబు సాహెబ్ కింద ఉమ్మి, "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నా మీద పడి ఏడవమాక" అని బానెట్ ఎత్తాడు.

పంపుకి వేసిన సీలు తెగిపోయిన చిన్న చప్పుడు ఆదాంకి వినిపించింది. స్క్రూ తిప్పడం క్షణంలో పని. ఆ తర్వాత మాబు సాహెబ్ బండి కిందకి దూరి, సైలెన్సరు మీద సుత్తితో తట్టి, లోపల మసి గడ్డకట్టిందనీ, పొగకి దారి లేకపోతే ఎంత డీజిలు పోసినా లాగదనీ కేకేశాడు. గ్యాసు మంటతో దాన్ని కోసి పక్కన పడేశాడు. దాంతో వెనకదాకా పోవాల్సిన పొగగొట్టం వెనక సీటు కిందనే ఆగిపోయింది.

"మిగతా గొట్టం రేపు తెప్పించి బిగిస్తా. ఇయ్యాల బండి ఇక్కడే ఉంచు," అన్నాడు బయటికొస్తూ.

ఆదాం అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. "రేపు వస్తాలే మేస్త్రీ," అన్నాడు.

గణపవరం మిల్లులు దాటాక ఖాళీ రోడ్డు దొరికింది. ఆదాం పెడలు తొక్కాడు. ఈసారి ఇంజను ఆలోచించుకోలేదు, దగ్గలేదు. వెనక నుంచి ఎవరో గెంటినట్టు బండి ముందుకి దూకింది. వీపు సీటుకి అతుక్కుంది. ఆదాం నోట్లోంచి అతనికే తెలియని కూత ఒకటి వచ్చింది. పత్తి లారీని దాటాడు. ఆర్టీసీ బస్సుని దాటాడు. హారను కొట్టి మరీ దాటాడు. అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనబడలేదు, నల్లటి పొగ కనబడింది. దారిపక్క కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని, చేతులు తిప్పుతూ తిట్టడం కూడా కనబడింది. వాళ్ళ తిట్లు అతనికి దీవెనల్లా ఉన్నాయి. మనిషికి సంతోషం ఎంత వెధవ చోట దొరుకుతుందో చెప్పలేం.

బండి తిప్పుకుని స్టాండుకి వచ్చేసరికి సఫూరా ఎదురుగా పరుగెత్తుకొస్తోంది. ఆదాం పెద్దమ్మా అని పిలిచే లాల్‌బీ కోడలు. తలమీద కొంగు జారిపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు.

"అన్నా, అత్తకి ఊపిరాడట్లేదు. గుంటూరు తీసుకుపోవాలి."

పక్కనున్న డ్రైవరు, "నా బండెక్కించమ్మా, తొందరగా పోదాం" అన్నాడు.

"అత్త ఆదామన్న బండైతేనే ఎక్కుతది," అంది సఫూరా.

"ఎక్కు. ఇయ్యాల నా బండిని మించింది పేటలో లేదు," అన్నాడు ఆదాం.

లాల్‌బీకి ఆయాసం ఇవాళ్టిది కాదు. పెళ్ళి కాకముందు నుంచి మిరప కళ్ళాల్లో తొడిమలు తీసింది, తాలుకాయలు ఏరింది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. ఆదాం తల్లి మరియమ్మా ఆమే ఒకే కళ్ళంలో పక్కపక్క కూర్చుని పనిచేశారు. చంటివాడైన ఆదాంని కళ్ళం గట్టున గోనెసంచి మీద పడుకోబెట్టేవారు. మిరపకాయల చేతులతో పిల్లల్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒళ్ళంతా మంట, కళ్ళల్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. అందుకని వాడు ఏడిస్తే ఆ ఇద్దరాడవాళ్ళూ వేళ్ళు ముడిచేసి, ముంజేతి వెనకభాగంతో వీపు మీద తట్టేవాళ్ళు. పని ముగిశాక చేతులకి ఆముదం రాసుకుని, బాగా కడుక్కుని, అప్పుడు ఎత్తుకునేవాళ్ళు. మరియమ్మ పోయి చాలాకాలమైంది. లాల్‌బీ కళ్ళం మానేసీ ఏళ్ళయింది. అయినా ఆమె ఎవరినీ అరచేత్తో ముట్టుకోదు. ఈరోజుకీ ఆదాం భుజం మీద ముంజేత్తోనే తడుతుంది. కొంగుముడిలో చిన్న ఆముదం సీసా ఉంటుంది. చేతులు ఇంకా మండుతున్నాయంటుంది. డాక్టర్లు మంటకి కారణం లేదన్నారు. ఆమె వాళ్ళ మాట నమ్మలేదు.

ఆయాసం వచ్చినప్పుడల్లా ఆదాం బండే. బస్సెక్కితే ఆ పొగకే చచ్చిపోతానంటుంది. వేరే కార్లు కుదిపేస్తాయంటుంది. "మా ఆదాం బండెక్కితే ఉయ్యాల్లో పడుకున్నట్టుంటది" అని ఆస్పత్రిలో నర్సులకి కూడా చెప్పింది. ఊళ్ళో మిగతావాళ్ళు మెల్లగా తోలతాడనేది మాటవరసకి. ఆమె మాత్రం నిజంగానే మెచ్చుకుని అంటుంది. ఆ తేడా ఆదాంకి తెలుసు. తెలిసీ అతనికి ఆ మెచ్చుకోలు కూడా గిట్టేది కాదు.

ఇద్దరూ కలిసి ఆమెని ఎత్తి వెనక సీట్లో, ఆదాం వెనకాలే కూర్చోబెట్టారు. లేతరంగు చీర, పక్షి ఎముకల్లాంటి భుజాలు. ఒక్కో శ్వాసకీ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. మాట రావడం లేదు. ఫినాయిలు వాసనకి ముఖం చిట్లించింది. ఆదాంకి సిగ్గేసింది.

"భయపడమాక పెద్దమ్మా. ఇట్టే తీసుకుపోతా," అన్నాడు.

మిల్లులు దాటగానే బండిని దూకించాడు. ఆమె తల వెనక్కి కొట్టుకుంది. సఫూరా పట్టుకుంది. కాసేపటికి భుజం మీద ముంజెయ్యి తగిలింది. ఒకసారి, ఆగి ఇంకోసారి. తొందరగా పొమ్మంటోందనుకున్నాడు ఆదాం. పెడలు ఇంకా తొక్కాడు.

యడ్లపాడు దగ్గర కళ్ళాలు మొదలయ్యాయి. రోడ్డుకి ఇటూ అటూ ఎర్రగా పరిచిన మిరపకాయలు, వాటి మీదుగా ఎండగాలి. ఈ సీమలో కాయలు ఎండే రోజుల్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని పని ఒకటుంది. కళ్ళాలు కనబడగానే బండి అద్దాలు ఎత్తేస్తారు. ఆయాసం మనిషి బండిలో ఉంటే మరీ గట్టిగా ఎత్తుతారు. ఆదాం జేబులోంచి పిడి తీసి, తన పక్క అద్దం బిగించి, వెనక్కి ఇచ్చాడు. సఫూరా తన పక్క అద్దం బిగించింది, అత్త మీదుగా వంగి ఆ పక్కదీ బిగించింది. సందులోంచి ఘాటు రాకుండా కొంగు చివర దోపింది. పిడి తిరిగి ఆదాంకి ఇచ్చేసింది. అతను జేబులో వేసుకున్నాడు.

లాల్‌బీ దగ్గడం మొదలుపెట్టింది. ఆదాంకీ దగ్గు వచ్చింది. సఫూరాకీ వచ్చింది.

"ఏంటన్నా, అద్దాలేసినా ఇంత ఘాటు?"

"కళ్ళాలు గదమ్మా. దాటితే సర్దుకుంటది."

మిరపకాయల కాలంలో ఈ నేల మీద దగ్గని మనిషి లేడు. పెళ్ళిపీటల మీద పంతులు దగ్గుతాడు, చర్చిలో పాస్టరు దగ్గుతాడు, బళ్ళో పంతులమ్మ దగ్గుతుంది. దగ్గుకి కారణం ఇంకొకటి ఉండొచ్చని ఎవరికీ తోచదు. ఆదాంకీ తోచలేదు. కళ్ళు మండాయి, తుడుచుకున్నాడు. గొంతులో చేదుగా ఏదో తగిలింది, మింగేశాడు. అద్దంలో చూస్తే లాల్‌బీ పిడి ఊడిన చోట మిగిలిన ఇనపమొలకని ముంజేత్తో రుద్దుతోంది. తర్వాత అదే ముంజేత్తో అద్దాన్ని తడుతోంది.

"అద్దం గట్టిగానే ఏశానత్తా. ఇక ఘాటు రాదు," అని సఫూరా ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఇంకోసారి ఆదాం భుజం మీద ముంజెయ్యి తగిలింది. ఈసారి మెత్తగా తగిలి, కాసేపు అలాగే ఉండి, జారిపోయింది.

బోయపాలెం దాటాక ముందు బాలు కారు కనబడింది. మళ్ళీ ఎవరినో గుంటూరు తీసుకుపోతున్నాడు. కొత్త కారు, ఎర్రటి వెనక దీపాలు, అద్దం మీద మెరిసే అక్షరాలు. ఆదాం చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. వెనక ప్రాణం కోసం మనిషి కొట్టుకుంటోందన్న సంగతి ఆ కాసేపూ అతనికి గుర్తు లేదు. ఇది కథ చెప్పేవాడు వేసిన నింద కాదు. తర్వాత ఆదాం తన్ను తాను అడిగి చూసుకున్నప్పుడల్లా దొరికిన జవాబు ఇదే. కుడిపక్కకి తీశాడు, తొక్కాడు. రెండు బళ్ళూ కాసేపు పక్కపక్కన పోయాయి. బాలు తల తిప్పి, నోరు తెరిచి చూశాడు. ఆదాం దాటిపోయాడు. అద్దంలో ఆ కొత్త కారు నల్లటి పొగలో మునిగిపోవడం చూశాడు. పొగలోంచి బాలు చెయ్యి బయటపెట్టి భేష్ అన్నట్టు ఊపాడు.

ఆదాం గుండె నిండిపోయింది. వెనక దగ్గు ఆగిపోయిన సంగతి అప్పుడే గమనించాడు.

"పెద్దమ్మకి కాస్త తేలికైనట్టుందే?"

"నిద్రపట్టిందన్నా," అంది సఫూరా మెల్లగా, నిద్ర చెడుతుందేమోనని. లాల్‌బీ తల ఆమె భుజం మీద ఉంది.

ఆస్పత్రి ముందు బండి ఆపి, తలుపు తెరిచి, లాల్‌బీని రెండు చేతులా ఎత్తుకున్నాడు ఆదాం. ఆమె చెయ్యి కిందకి వేలాడింది. వేళ్ళు విడిపోయి, అరచెయ్యి అతని మోకాలికి తగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అరచెయ్యి తనని ముట్టుకోవడం అదే మొదలని అతనికి తట్టింది. అప్పుడే తెలిసింది.

లోపల కుర్ర డాక్టరు నాడి చూశాడు, రెప్ప ఎత్తి చూశాడు. "ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"చిలకలూరిపేటండి."

"దారిలోనే పోయిందమ్మా. కాసేపయింది." ఆమె పాత చీటీలు తిరగేసి, "కారం పనిలో చేసిందా? ఆ ఊపిరితిత్తులు ఇన్నాళ్ళు పనిచెయ్యడమే గొప్ప" అని పక్క మంచం దగ్గరికి పోయాడు.

సఫూరా గోడకి ఆనుకుని ఏడ్చింది. కాస్త తేరుకుని, అత్త ముఖం తుడవబోయి ఆగింది. ముక్కురంధ్రాల చుట్టూ సన్నగా నల్లటి గీత. కొంగుతో తుడిస్తే కొంగు నల్లబడింది.

"ఇదేంటన్నా, మసిలాగా ఉంది?"

ఆదాం నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. "రోడ్డు పని జరుగుతుంది గదమ్మా. తారు ధూళి," అన్నాడు.

సఫూరా తల ఊపింది. నమ్మేసింది. ఆ నమ్మడం చూడలేకపోయాడు ఆదాం. బయటికి పరుగెత్తి, బండి వెనక మోకాళ్ళ మీద కూలబడి కక్కుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఊరివాళ్ళ వాంతులు కడిగినవాడు, తన వాంతి ఎదుట కూర్చుని దాన్ని చూశాడు. అందులో నల్లటి చారలున్నాయి.

లేచి వెనక తలుపు తెరిచి, రబ్బరు చాప ఎత్తాడు. చాప కింద గోనెపట్టా, కన్నం చుట్టూ పళ్ళెమంత మేర, పొయ్యి మీద కుండ అడుగులా నల్లగా ఉంది. లోపలి గుడ్డ కప్పు మీద కూడా పలచగా మసి. పొద్దున్న సీటు కడిగినప్పుడు లేదది. జేబులో పిడి గుండెకి గుచ్చుకుంది. ఎవరూ చూడకముందే చాపని మళ్ళీ కప్పేశాడు. కప్పేస్తున్న తన చేతుల్ని చూసి, పాముని చూసినట్టు ఒళ్ళు జలదరించింది.

శవంతో పేటకి బయల్దేరినప్పుడు అద్దాలన్నీ దించాడు. దారి పొడవునా కళ్ళాల ఘాటు లోపలికి కొట్టింది. ఆదాం దగ్గాడు, సఫూరా దగ్గింది. దగ్గనిది ఆమె ఒక్కతే. శవాన్ని మోసే బండి మెల్లగా పోవాలి. ఆదాంకి ఆ పని కొత్త కాదు, ఇన్నేళ్ళూ అదేగా చేసింది. కానీ ఇవాళ బండి మాట వినలేదు. కాలు ఆనించీ ఆనించకముందే గంతేస్తోంది, వదిలితే ఆగిపోబోతోంది. ఒక్కో గంతుకీ సఫూరా ఒళ్ళో లాల్‌బీ తల ఎగిరిపడుతోంది.

"మెల్లగా అన్నా," అంది సఫూరా.

"మెల్లగానే పోతున్నానమ్మా," అన్నాడు ఆదాం. వెనక వచ్చే లారీలన్నీ అతన్ని దాటుకుంటూ పోయాయి. ఈసారి అతను ఎవరినీ చూడలేదు.

పొద్దు వాలకముందే మట్టి చేశారు. ఆదాం ఖబరస్తాన్ గోడ బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని లాల్‌బీ కొడుకు ముస్తాక్ చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను కొడుకులెక్క చూసింది, రా అన్నా" అన్నాడు. "చివర్లో కూడా నీ బండైతేనే ఎక్కుతానందంట గదా." ఆదాం చెయ్యి విడిపించుకున్నాడు. బట్టలు బాగోలేదన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. చొక్కా ముందుభాగమంతా నల్లగా ఉంది.

మట్టిపోసి తిరిగొస్తున్న మాబు సాహెబ్ అతని పక్కన ఆగాడు. చేతుల మట్టి దులుపుకుంటూ, "బాలు చెప్పాడు. వాడి కొత్త కారునే దాటేశావంట?" అన్నాడు. ఖబరస్తాన్ ముందు అనకూడని మాటని తోచిందేమో, గొంతు తగ్గించాడు. "బాగానే లాగిందన్నమాట."

"లాగింది మేస్త్రీ," అన్నాడు ఆదాం. "మళ్ళీ ఎప్పట్లా చేసెయ్యి. సైలెన్సరు కూడా."

"ఏం? ఇంత కోరి చేయించుకున్నావు?"

మాబు సాహెబ్ అతని చొక్కా వంక చూశాడు. బండి వంక చూశాడు. వెనక సీటు కిందకి, గొట్టం ఆగిపోయిన చోటుకి చూశాడు. గడ్డం మీదున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏదో అడగబోయి, అడిగితే వచ్చే జవాబులో తన పేరు కూడా ఉంటుందని భయపడ్డట్టు, తల దించుకుని వెళ్ళిపోయాడు.

స్టాండులో అతన్ని చూడగానే డ్రైవర్లు లేచి నిలబడ్డారు. కిళ్ళీ డ్రైవరు తన సీటు దులిపి కూర్చోమన్నాడు. పొద్దున్న బండి పక్కరేకు మీద పడ్డ ఉమ్మి ఎండి అక్కడే ఉంది. "ఇక తొందర పనులన్నీ ఆదాం బాబాయికే," అన్నాడు బాలు. ఈసారి ఎగతాళి లేదు. నిజంగానే అన్నాడు, మెచ్చుకునే అన్నాడు. ఆదాంకి ఆ నోళ్ళన్నీ, ఆ నవ్వులన్నీ, తన రెండు చేతులూ ఒకే వాసన కొట్టాయి.

బండిలో కూర్చోలేక, వెనక తలుపు తెరిచి సీటు కడుగుదామని బకెట్టు తెచ్చాడు. కొబ్బరిచిప్ప చేతిలోకి తీసుకున్నాడు. కడగడానికి ఏమీ లేదు. ఆమె ఏ మరకా చేసిపోలేదు. సీటుకీ వీపుకీ మధ్య సందులో మాత్రం వేలికి చల్లగా ఏదో తగిలింది.

బొటనవేలంత గాజుసీసా. మూతికి చీరపీలిక కుక్కి ఉంది. సగానికి ఆముదం. ఆదాం దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి ఒకవైపుకి వంచాడు. లోపలి ఆముదం గాజుని పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా ఆ పక్కకి జరిగింది.